శాశ్వతంగా ఉంచవలసిన కాగితాలు

కుల్పాష్ అపా పేరెత్తితే మా అర్కాలిక్‌లో ఇప్పటికీ జనం రెండు మాటలు మాట్లాడతారు. జిల్లా చరిత్రంతా పొయ్యిలో పెట్టిన మనిషి అని కొందరంటారు. ఆవిడే లేకపోతే ఈ వయసులో మాకు రొట్టె పుట్టేది కాదని ఇంకొందరంటారు. ఇలా అనేవాళ్లెవరూ ఆ మూడు రోజులు ఆ బండిలో లేరు. ఉన్నది ఆవిడా, నేనూ. అందుకే చూసింది చూసినట్టు నేనే చెబుతాను.

నా పేరు సపర్‌గలి. బాక్సైట్ గనుల మోటారు డిపోలో పద్దెనిమిదేళ్లు లారీ తోలాను. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్దది కాబట్టి, అక్కా అన్నట్టు, అపా అనేవాణ్ణి. ఆ ప్రయాణానికి ముందు మా ఇద్దరికీ పెద్ద పరిచయం లేదు. డిపో తరఫున ఏవో కట్టలు అప్పగించడానికి రెండు మూడుసార్లు ఆవిడ గిడ్డంగికి వెళ్లానంతే. పొట్టి మనిషి. ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. సంతకం పెట్టేముందు ప్రతి కాగితం తిప్పి చూసేది. వెనక పదిమంది నిలబడి విసుక్కుంటున్నా తొందరపడేది కాదు.

అమంగెల్ది తాలూకాలో గుర్రాలు కాసేవాళ్ల ఇంట్లో పుట్టిందావిడ. కొస్తనాయ్‌లో టైపు నేర్చుకుని, 1971 మార్చిలో ఇరవై రెండేళ్ల వయసులో అర్కాలిక్ వచ్చింది. తుర్గాయ్ జిల్లా పుట్టి అప్పటికి నాలుగు నెలలే అయింది. అటు రెండు జిల్లాల నుంచి కోసి తెచ్చిన భూమితో ఈ కొత్త జిల్లా కట్టారు. ఊరు నిండా క్రేన్లు, మోకాలి లోతు బురద, సగం లేచిన ఐదంతస్తుల మేడలు. హాస్టలు గదిలో ఆరుగురు ఆడపిల్లలు, మూడు మంచాలు. పగలంతా టైపు కొట్టి, సాయంత్రం కొత్త వీధిలో మొక్కలు నాటడానికి వెళ్లేవాళ్లట. "వందేళ్లు నిలిచే ఊరు కడుతున్నాం అని మాతో రోజూ చెప్పేవాళ్లు. నేను నిజంగానే నమ్మాను" అని నాతో ఒకసారి అంది.

తర్వాత ఆవిణ్ణి కాగితాల గిడ్డంగికి మార్చారు. మూతపడిన సంస్థల కట్టలన్నీ అక్కడికే వచ్చేవి. భూమి పరీక్షల బృందంలో పనిచేసే కైర్గెల్దిని పెళ్లి చేసుకుంది. ఒక కూతురు.

1988 జూన్‌లో ఉన్నట్టుండి జిల్లా రద్దయింది. పత్రికలో నాలుగు పంక్తులు వచ్చాయి, అంతే. కాగితాలన్నీ రైలెక్కించి కొస్తనాయ్ పంపమన్నారు. పంపింది. రెండేళ్లు తిరిగి 1990 ఆగస్టులో మళ్లీ జిల్లా ఉందన్నారు. కాగితాలు తిరిగొచ్చాయి. పంపిన పెట్టెల్లో నలభై ఒకటి రాలేదు. వచ్చినవాటిలో కొన్ని బూజు పట్టి రాళ్లలా అతుక్కుపోయాయి.

ఆ ఏడు చలికాలంలో మగీరా అనే ముసలమ్మ ఒక పాల ఫారం నుంచి వచ్చింది. పందొమ్మిదేళ్లు ఆవులు పితికింది. పింఛను కోసం ఆ సంగతి రుజువు చేసే కాగితం కావాలి. అది రాని పెట్టెల్లో ఉంది.

"నా పందొమ్మిదేళ్లు ఎక్కడ పారేశారు పిల్లా?" అని అడిగిందట.

కుల్పాష్ అపా ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. పెట్టెలు దొరకలేదు. మగీరా మాత్రం ప్రతి గురువారం బస్సెక్కి వచ్చి, గిడ్డంగి బయట బెంచీ మీద కాసేపు కూర్చుని, ఏమైనా తెలిసిందా అని అడిగి వెళ్లేది. మూడేళ్లు తిరిగింది. ఒక గురువారం రాలేదు. ఆ తర్వాత ఇక రాలేదు.

1997 ఏప్రిల్‌లో జిల్లాను రెండోసారి రద్దు చేశారు. ఈసారి ఊరే ఖాళీ అవడం మొదలుపెట్టింది. ఆఫీసులు వెళ్లాయి, వాటి వెనక మనుషులు వెళ్లారు. తలుపులూ కిటికీలూ పీక్కుని రైలెక్కారు. చలికాలం వచ్చేసరికి ఊరికి వేడినీళ్లు పంపే బాయిలర్లు సగం ఆగిపోయాయి. ఐదంతస్తుల మేడలు చీకటి కిటికీలతో నిలబడ్డాయి. మా మేడలో అరవై ఇళ్లకి ఏడిళ్లలో పొయ్యి వెలిగేది. నా భార్య ఇద్దరు కూతుళ్లనూ తీసుకుని కొస్తనాయ్‌లో తల్లి దగ్గరికి వెళ్లింది. డిపో మూసేశారు. బండి మా మేడ వెనకాలే ఉండిపోయింది.

కైర్గెల్ది ఆఫీసు కూడా కొస్తనాయ్ మారింది. వెళ్లేముందు భార్యతో గొడవ పడ్డాడు. ఆ గొడవ మేడ మొత్తానికి వినపడిందని వాళ్ల పొరుగువాళ్లు చెప్పారు.

"నీళ్లలో నానే కాగితాలకి కాపలా కాస్తావా, నాతో వస్తావా?"

"అప్పగించి వస్తాను."

"ఎవరికి అప్పగిస్తావు? జిల్లానే లేదు కదా."

"జిల్లా లేదు. అందులో పనిచేసినవాళ్లు ఉన్నారు."

"కొత్త సంవత్సరం దాకా చూస్తా కుల్పాష్. ఆ తర్వాత నన్నేమీ అనకు."

జనవరిలో గిడ్డంగి ఉన్న భవనంలో గొట్టాలు పగిలాయి. నేలమాళిగలో చీలమండ లోతు నీళ్లు నిలిచి గడ్డకట్టాయి. ఫిబ్రవరి మొదటి వారంలోపు కట్టలన్నీ కొస్తనాయ్ చేర్చాలని, లేకపోతే బాధ్యత ఆవిడదేనని ఒక ఉత్తరం వచ్చింది. లారీ ఎవరిస్తారో అందులో లేదు. అప్పుడే ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, టీ కూడా తాగకుండా అడిగింది.

"పెట్రోలు నేను తెస్తాను సపర్. నీ బండికి వెనక రేకు గది ఉంది, అందులో పొయ్యి ఉంది. కాగితాలు తడవవు. వస్తావా?"

"ఈ నెలలో ఆ దారా? అపా, మీరు తుఫానుని చూశారా ఎప్పుడైనా?"

"గుర్రాల కాపరి కూతుర్ని. నువ్వు పుట్టకముందే చూశాను."

పిల్లల్ని చూసి నాలుగు నెలలైంది. అదొక్కటే నా కారణం. సరేనన్నాను.

ఫిబ్రవరి మూడు, మంగళవారం పొద్దున బయల్దేరాం. నూట పన్నెండు చెక్కపెట్టెలు. బస్తాన్నర బొగ్గు. రొట్టె, ఎండబెట్టిన పెరుగు ఉండలు, రెండు ఫ్లాస్కుల టీ. ఆకాశం తేటగా ఉంది. అదే నాకు నచ్చలేదు. మధ్యాహ్నానికి నూట ముప్ఫై కిలోమీటర్లు వెళ్లామో లేదో, పడమర నుంచి నేల మీద పాకుతూ మంచుపొగ వచ్చింది. పావుగంటలో నా బండి ముందు దీపాలు నాకే కనపడలేదు. ముందు చక్రం దేనిలోకో దిగింది. అక్కడితో ఆగిపోయాం. చీకటిపడేదాకా ఇంజను నడిపాను. పెట్రోలు అయిపోయింది. ఇద్దరం వెనక గదిలోకి మారి పొయ్యి వెలిగించాం.

గడ్డిమైదానంలో తుఫానుకి చిక్కితే బండి వదలకూడదు. ఈ మాట మా డిపోలో కొత్తవాడికి మొదటిరోజే చెబుతారు. అయినా బుధవారం పొద్దున నేను వదులుదామనుకున్నాను. పది పన్నెండు కిలోమీటర్లలో ఒక గోధుమ ఫారం ఉండాలి. ఎలాగూ పొయ్యి గొట్టం మంచుతో పూడిపోకుండా గంటకోసారి బయటికి వెళ్లాల్సి వస్తోంది. తాడు నడుముకి కట్టుకుని దిగాను. గొట్టం దులిపాను. ఫారం ఎటో చూద్దామని నాలుగడుగులు వేశాను. వెనక్కి తిరిగితే బండి లేదు. చెయ్యి చాపితే చెయ్యి లేదు. అరిచాను, నా అరుపు నాకే వినపడలేదు. తాడు బిగుసుకుంది. లోపలి నుంచి ఆవిడ లాగుతోంది. తలుపు కింద మోకాళ్ల మీద పడ్డాను.

"తాడు బయటికి జారిపోతుంటే తెలిసింది" అంది నా మొహం మీద మంచు తుడుస్తూ. "ఎక్కడికి బయల్దేరావు?"

"గొట్టం దులపడానికి."

"గొట్టం నెత్తిన ఉంది. నువ్వు పొలాల్లోకి పోయావు. ఇంకోసారి అలా చేస్తే తాడు నా కాలికి కట్టుకుంటాను. అప్పుడు ఇద్దరం పోదాం."

మధ్యాహ్నానికి బొగ్గు అయిపోయింది. బల్ల విరిచి వేశాం. తర్వాత పెట్టెల చెక్కలు ఒక్కొక్కటీ పీకి, కట్టల్ని కిందే పేర్చి, చెక్క పొయ్యిలో వేశాం. అవి పలచటి చెక్కలు. చిటపటమని మండి అయిపోయేవి. గోడ రేకుల మీద మా ఊపిరే తెల్లగా పేరుకుంది. రొట్టెను గొడ్డలితో కొట్టి ముక్కలు చేశాం.

చెక్క సగం అయ్యాక నేను తలుపు దగ్గరున్న కట్ట అందుకున్నాను. ఆవిడ దాని మీద చెయ్యి పెట్టింది.

"అది కాదు."

"కాగితమే కదా అపా."

"మండించే కాగితాలు ఉన్నాయి. ఆ చివర ఉన్నాయి, ముందు గోడకి ఆనించి. అడుగున."

ఆ చివరికి చేరాలంటే ఎనభై పెట్టెల కట్టల్ని ఇటు మోయాలి. అప్పటికే నా వేళ్లు వంగడం లేదు.

"మీకు మతి పోయిందా? చేతికందినది వదిలేసి, అడుగునున్నది తవ్వాలా? చచ్చిపోతాం."

"తవ్వితే ఒళ్లు వేడెక్కుతుంది. లే."

"నాకు ఇద్దరు ఆడపిల్లలు."

"తెలుసు. అందుకే లెమ్మంటున్నాను."

కట్ట లాక్కోబోయాను. ఆవిడ దాని మీద కూర్చుంది. యాభై కిలోలు లేని మనిషి. ఒక్క తోపు తోస్తే పడిపోయేది. నేను తోశాను కూడా. పక్కకి ఒరిగి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ దాని మీదే కూర్చుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎవరివి ఇవి? మీ నాన్నవా? మీ తాతవా?"

"విప్పి చదువు. చదివాక వెయ్యాలనిపిస్తే వెయ్యి. ఆపను."

విప్పాను. అది మా డిపో కట్టే. ఉద్యోగంలో చేర్చుకున్న ఆర్డర్లు. ఫలానా తేదీ నుంచి ఫలానా మనిషిని లారీ డ్రైవరుగా తీసుకోవడమైనది. ఒక్కొక్కరికీ రెండు పంక్తులు. అందులో నాకు స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి పేరుంది. ఆయన అప్పటికి చనిపోయాడు, భార్య ఉంది. వంటగదిలో పనిచేసిన గలీనా పేరుంది. క్రేను మీంచి పడి కాలు పోయినవాడి పేరుంది. నా పేరు కోసం వెతకలేదు. వెతికితే ఏమయ్యేదో నాకు తెలియదు. కట్ట మూసి తాడు ముడేశాను.

"మరి అడుగున ఏమున్నాయి?"

"జిల్లా తీర్మానాలు. ప్రణాళికలు, నివేదికలు, పోటీల్లో ఎవరు గెలిచారో ఆ లెక్కలు. వాటికి పై ఆఫీసుల్లో నకళ్లు ఉంటాయి, మాస్కోలో ఉంటాయి. ఆవులు పితికినవాళ్ల ఆర్డరుకి నకలు ఎక్కడా లేదు."

మోయడం మొదలుపెట్టాం. ఆవిడ చెప్పింది నిజమే, ఒళ్లు కాస్త వేడెక్కింది. ముందు గోడ చేరేసరికి గురువారం తెల్లారింది. తెల్లారడమంటే నల్లగా ఉన్నది బూడిదరంగుకి తిరగడం, అంతే. గాలి ఏమాత్రం తగ్గలేదు.

తీర్మానాల సంపుటాలు ఎర్రటి అట్టలతో ఇటుకల్లా ఉన్నాయి. ప్రతి అట్ట మీదా ఊదారంగు ముద్ర. శాశ్వతంగా ఉంచవలెను. తలుపు దగ్గరి ఆర్డర్ల మీదున్న ముద్ర వేరు. డెబ్బై ఐదు సంవత్సరాలు. నేను వేలితో చూపించాను.

"అపా, మీరు శాశ్వతంగా ఉంచమన్నవి కాలుస్తున్నారు."

"చదవడం నాకూ వచ్చు."

విడి కాగితం భగ్గున మండి పోతుంది. పుస్తకాన్ని అలాగే పెడితే అంచులు మాడి ఆరిపోతుంది. ఆవిడ రెండు సంపుటాల్ని మొహాలు కలిపి పురికొసతో గట్టిగా బిగించి, అంచుల్ని కాస్త విరిచి పెట్టింది. అలా కడితే ఒక జత ముప్పావు గంట కాలేది. ప్రతి జతా పొయ్యిలో పెట్టేముందు దాని నంబరూ, ఏడూ, పేరూ ఒక అట్టముక్క మీద పెన్సిలుతో రాసుకునేది. పెన్సిలు పట్టడానికి ఎడమ చేతి తొడుగు తీసేది. ఆవిడది ఎడమచేతి వాటం.

"ఎందుకు రాయడం? మనం బతికుంటే కదా."

"బతక్కపోతే ఈ అట్ట మాట్లాడుతుంది. ఎవరో దొంగిలించారని అనుకోకూడదు."

అలా జిల్లా మా కళ్లముందే కాలింది. జిల్లా ఏర్పాటు తీర్మానం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగింది. "నేను ఉద్యోగంలో చేరాక దీని శుద్ధప్రతి నేనే టైపు చేశాను. ఒక్క తప్పు లేకుండా నాలుగుసార్లు కొట్టించారు" అని పెట్టేసింది. గొర్రెల ఉన్ని ప్రణాళిక కాలింది. కొత్త సినిమా హాలు కాలింది. ఎనభై ఎనిమిదిలో జిల్లా రద్దయినప్పటి అప్పగింత పత్రాలు కాలాయి, తొంభైలో తిరిగి తీసుకున్నవీ కాలాయి. పదో వార్షికోత్సవపు ఆల్బం ఒకటుంది, తోలు అట్టది. అది మండకుండా దుర్వాసన కొట్టింది. ఇద్దరం దగ్గుతూ తలుపు తీశాం, గది అంతా మంచు నిండింది. నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. ఆ మూడు రోజుల్లో నవ్వింది అప్పుడొక్కసారే.

గురువారం సాయంత్రానికి ఎర్ర అట్టలు అయిపోయాయి. మిగిలినవన్నీ పేర్లు. పొయ్యిలో నిప్పు అరచేయంత మిగిలింది. నా కుడికాలి వేళ్లు తెలియడం మానేసి చాలాసేపైంది. విచిత్రమేమిటంటే, ఇప్పుడు నేను అడగలేదు. ముందురోజు కట్ట లాక్కోబోయినవాణ్ణి, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడే లేచింది.

"ఆగండి అపా. ఇంకో గంట చూద్దాం. గాలి తగ్గుతుందేమో."

"గంట తర్వాత నీ చేతులు అగ్గిపుల్ల గీయలేవు. నావి ఇప్పుడే గీయలేవు."

చాలాసేపు వెతికింది. ఒక కట్ట తెచ్చి పొయ్యి ముందు పెట్టింది. దాని మీద పేరు చదివాను. ఆవిడ పనిచేసిన ఆఫీసుదే. టైపిస్టులు, గుమాస్తాలు, ఊడ్చేవాళ్లు, కాగితాల గిడ్డంగి.

"ఇందులో మీ ఆర్డరు కూడా ఉంది కదా."

"ఉంది."

"అది తీసి దాచుకోండి."

"కట్ట మొత్తం కలిపి కుట్టారు. నాది చింపి దాచుకుని మిగతా పదహారు మందివి తగలబెడితే నేనేం మనిషిని?"

"మరి వేరే కట్ట తీయండి. ఎవరో తెలియనివాళ్లది."

ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తెలియనివాళ్ల మొహాలు నాకు తెలియవు సపర్. ఎవరింటికని వెళ్లను? ఈ పదహారు మంది ఇళ్లూ నాకు తెలుసు. వెళ్లి, మీ కాగితం నేనే కాల్చాను అని చెప్పగలను. తిడితే తింటాను."

పురికొస బిగించడానికి ఆవిడ వేళ్లు పనిచేయలేదు. నేనే కట్టాను. నేనే పొయ్యిలో పెట్టాను. ఆ సంగతి తర్వాత ఎవరికి చెప్పినా నమ్మలేదు, ఆవిడ నన్ను కాపాడటానికి తానే చేశానని విచారణలో చెప్పింది. ఆ ఒక్క కట్టా, దాని వెంట ఆ మనుషులవే ఇంకో కట్టా, కొసరి కొసరి మండిస్తే, రెండూ కలిపి మమ్మల్ని తెల్లారేదాకా తీసుకొచ్చాయి.

శుక్రవారం పొద్దున గాలి ఆగింది. ఎండుగడ్డి కుప్ప తవ్వుకోవడానికి ట్రాక్టరు మీద బయల్దేరిన ఒక గుర్రాల కాపరి, మంచు మైదానంలోంచి పొగ లేస్తుంటే చూసి వచ్చాడు. బండి పైకప్పు దాకా పూడిపోయింది. తలుపు తవ్వి తీసి, మమ్మల్ని చూసి, "ఇంతసేపూ ఏం కాల్చారు మీరు?" అని అడిగాడు. "తుర్గాయ్ జిల్లాని" అంది ఆవిడ. ఆయన బుర్ర గోక్కున్నాడు.

నాకు రెండు కాలివేళ్లు తీసేశారు. ఆవిడకి ఎడమచేతి మూడు వేళ్ల చివరలు పోయాయి. ఆ చేత్తో మళ్లీ పెన్సిలు పట్టలేదు.

మిగిలిన కట్టలన్నీ, ఒక్క కాగితం తడవకుండా, కొస్తనాయ్ చేరాయి. పదిహేను రోజులకి విచారణ పెట్టారు. నన్ను సాక్షిగా పిలిచారు. బల్ల అవతల కూర్చున్న అధికారి మంచివాడే, అలసిపోయి ఉన్నాడు. ఆ అట్టముక్కని రెండు వేళ్లతో పట్టుకుని ఉన్నాడు.

"శాశ్వత భద్రత కింద ఉన్నవి ముప్ఫై సంపుటాలు. వీటి విలువ మీకు తెలియదా?"

"ఇరవై ఏళ్లు వాటి దుమ్ము దులిపాను. తెలుసు."

"నకళ్లు ఉన్నాయని అన్నారు. కొన్నిటికి లేవు. అడిగి చూశాం. జిల్లా మొదటి ఆరు నెలల చర్చల రికార్డు ఇంకెక్కడా లేదు. చరిత్రకారుడెవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?"

కుల్పాష్ అపా ఆ మాటకి తల దించుకుంది. అది ఆవిడకి నిజంగా తెలియదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "నేను పొరబడ్డాను" అంది. "కానీ తెలిసినా అవే కాల్చేదాన్ని."

ఆ రెండో మాట అనకుండా ఉంటే మందలించి వదిలేసేవాళ్లేమో. కేసు పెట్టలేదు గానీ ఉద్యోగం తీసేశారు.

చెప్పినట్టే ఆ పదహారు మంది ఇళ్లకీ తిరిగింది. కొందరు రష్యా వెళ్లిపోయారు, వాళ్లకి ఉత్తరాలు రాయించింది. చాలామంది దగ్గర, ఎక్కడ ఎన్నేళ్లు పనిచేశారో రాసి ముద్ర వేసే పని పుస్తకాలు సరిగ్గానే ఉన్నాయి, కాబట్టి నష్టం లేకపోయింది. "పోనీలే కుల్పాష్, బతికొచ్చావు" అన్నారు. రిమ్మా అనే టైపిస్టు పని పుస్తకం మాత్రం ఇల్లు మారడంలో పోయింది. ఏడాదిలో పింఛనుకి వెళ్లాల్సిన మనిషి. హాస్టల్లో ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నవాళ్లు.

"ఇన్ని కట్టల్లో నీకు మా కట్టే దొరికిందా?" అని రిమ్మా అడిగిందట.

"నేనే ఏరాను" అంది ఈవిడ.

"ఏరావా? అయితే ఇక నా గుమ్మం తొక్కకు."

తొక్కలేదు. కానీ మూడేళ్లు రిమ్మా కేసు వెంట తిరిగింది. పాత ఫోటోలు, యూనియన్ కార్డులు, సాక్షులు. కోర్టులో నేనూ చెప్పాను. ఆఫీసుల వరండాల్లో ఇద్దరూ చెరో బెంచీ మీద కూర్చునేవాళ్లు. రిమ్మా ఈవిడ వైపు చూసేది కాదు. 2002లో రిమ్మా గెలిచింది. కోర్టు మెట్లు దిగి, నాకు చెయ్యి కలిపి, ఈవిడ పక్కనుంచే వెళ్లిపోయింది.

కుల్పాష్ అపాకి పని పుస్తకం ఉంది. చిక్కు దాని ముద్రలతో వచ్చింది. జిల్లా ఒకసారి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోవడంతో, ఆ గందరగోళంలో ఎవరో ఎనభై ఎనిమిదిలో రద్దయిన ఆఫీసు ముద్రే తొంభై ఏడు దాకా వేసుకుంటూ పోయారు. లేని ఆఫీసు ముద్ర ఎలా ఒప్పుకుంటామన్నారు. అసలు ఆర్డరు తెమ్మన్నారు. ఇరవై ఆరేళ్లలో పదిహేడే లెక్కలోకి వచ్చాయి. రిమ్మా కోసం కోర్టుకెక్కిన మనిషి తనకోసం ఎక్కలేదు. ఎందుకని నేనడిగితే, "ఓపిక అయిపోయింది" అంది. అంతకంటే లోతుగా ఏమీ చెప్పలేదు.

కైర్గెల్ది గడువు పెట్టిన కొత్త సంవత్సరం ఎప్పుడో దాటిపోయింది. కానీ ఆస్పత్రికి మొదట వచ్చింది అతనే. ఆ కట్టుకట్టిన చేతిని చూశాడు. తర్వాత టీ గ్లాసు ఆవిడ నోటికి పట్టాడు. ఇద్దరూ కొస్తనాయ్‌లోనే ఉండిపోయారు. ఆవిడ ఒక ఆస్పత్రిలో వచ్చేవాళ్ల చలికోట్లు అందుకుని చీటీలిచ్చే పనిలో చేరింది. కుడిచేత్తో రాయడం నేర్చుకుంది.

నేను అర్కాలిక్ వదల్లేదు. మా కట్ట ఆధారంగా డిపోలో పనిచేసిన నూట నలభై మందికి కాగితాలు వచ్చాయి, వాళ్లలో నేనొకణ్ణి. ఏటా ఒకసారి గుర్రం మాంసం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లేవాణ్ణి. 2009లో, కైర్గెల్ది బజారుకి వెళ్లిన ఒక మధ్యాహ్నం, వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. కొందరు పత్రిక వాళ్లు వచ్చి అడిగారని, ఆవిడ ధైర్యం గురించి నేను బాగా చెప్పానని గొప్పగా చెప్పాను.

ఆవిడ టీలో పాలు పోస్తూ ఆగింది.

"ఏం చెప్పావు?"

"ప్రాణం పోతున్నా మీరు ఆ పేర్లు ముట్టుకోనివ్వలేదని."

"అబద్ధం ఎందుకు చెప్పావు? రెండు కట్టలు పోయాయి కదా."

"అవి మీవి."

"పదహారు మందివి. ఇంకో మాట విను. శుక్రవారం కూడా గాలి ఆగకపోతే నేను ఆ పక్క కట్ట తీసేదాన్ని. తర్వాత దాని పక్కది. ఏ వరసలో తీయాలో కూడా లోపల అనుకునే ఉన్నాను."

అందులో మూడోది మా డిపోదా అని అడగబోయి మానుకున్నాను.

"అది కూడా రాయమని చెప్పు వాళ్లకి" అంది, గ్లాసు నా వైపు జరిపి. "చల్లారకముందే తాగు."